గూడ్సు బండిలో పడ్డ గోల్ఫ్ బంతి

విద్యార్థులారా! ఈ పాఠంలో మనం ఒక గోల్ఫ్ మైదానం కట్టబోతున్నాం. దీనికి స్థలం కొననక్కర్లేదు, గడ్డికి నీళ్లు పెట్టే మాలీ అసలే అక్కర్లేదు. ఎందుకంటే ఇది నేల మీద ఉండదు, కంప్యూటర్ తెర మీద ఉంటుంది. పూర్తి మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. మనది మూడే మూడు హోల్స్ ఉన్న బుల్లి మైదానం. దాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, రైల్వే కాలనీ పక్కన పెడదాం.

బిలాస్‌పూరే ఎందుకంటారా? బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. ఆ లైన్లలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడినట్టే ఇక్కడా స్థిరపడ్డాయి. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. పొడవైన ప్లాట్‌ఫాం, తెరిపి లేకుండా నడిచే బొగ్గు బండ్లు, ఇసుక మేటల అర్పా నది, అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆట తయారుచేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఒక మాట. నా సౌకర్యం కోసం దూరాలు మార్చాను కాబట్టి దీన్ని ఊరి పటంతో పోల్చి చూడకండి.

రైలుకూ గోల్ఫ్‌కూ ఏం సంబంధమని నవ్వకండి. గోల్ఫ్ పుట్టిన స్కాట్లండ్‌లోనే ప్రెస్ట్‌విక్ మైదానంలో మొదటి హోల్ పేరు ‘రైల్వే’. దాని పక్కనే పట్టాలున్నాయి. సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలో 17వ హోల్ ఆడాలంటే ఒకప్పటి రైల్వే షెడ్ల నమూనా మీదుగా బంతి కొట్టాలి.

గోల్ఫ్ ఎప్పుడూ చూడనివారి కోసం రెండు మాటలు. బిళ్ళంగోడులోని దూరపు దెబ్బనూ, గోలీలాటలోని గుంతనూ కలిపి ఊహించుకోండి, సగం గోల్ఫ్ వచ్చేసినట్టే. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. ఒక్కో గుంతకు ఎన్ని దెబ్బలు చాలునో ముందే లెక్కగడతారు, దాన్ని ‘పార్’ అంటారు. మొదటి దెబ్బకు బంతిని నిలబెట్టే చిన్న మేకు ‘టీ’. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం మీద టీ అంటే అర్థం వేరు. రెండో హోల్‌లో ఆ గందరగోళాన్నీ వాడుకుందాం.

కంప్యూటర్ గోల్ఫ్ కొత్తదేమీ కాదు. 1984లో నింటెండో సంస్థ తెచ్చిన ‘గోల్ఫ్’ ఆటకు ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాటా, తర్వాత 2002లో ఆ సంస్థకే అధ్యక్షుడయ్యాడు. 1990లో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘లింక్స్’ అనే ఆట తెచ్చింది. అప్పటి కంప్యూటర్లు అందులోని ఒక్కొక్క దృశ్యాన్ని గీయడానికి కొన్ని సెకన్లు తీసుకునేవి. ఆటగాడు దెబ్బ కొట్టి, చెట్లు ఒక్కొక్కటిగా మొలిచేదాకా ఓపిగ్గా చూసేవాడు.

ఇలాంటి ఆటలో హాస్యం ఎక్కడ ఉండాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హాస్యం మైదానంలో ఉండవచ్చు, బంతి చలనంలో ఉండకూడదు. కూరగాయల బజారు మీదుగా బంతి కొట్టమంటే ఆటగాడు నవ్వుతాడు. అదే బంతి గోడలోంచి దూసుకుపోతే నవ్వడు, ఆట కట్టేస్తాడు. అబద్ధపు ఊళ్లో కూడా బంతి నిజంగానే పడాలి. ఆ పని కంప్యూటర్‌తో ఎలా చేయిస్తామో ఇప్పుడు చూద్దాం.

ముందు నేల సంగతి. గ్రాఫు కాగితం తీసుకోండి. మన మైదానం 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు. దాన్ని రెండేసి మీటర్ల గడులుగా విభజిస్తే 5,000 గడులు వస్తాయి. ప్రతి గడికి రెండు సంఖ్యలు ఇవ్వండి. ఒకటి ఎత్తు, రెండోది అక్కడ ఉన్నది గడ్డా, సిమెంటా, ఇసుకా అని చెప్పే సంకేతం. ఒక్కో సంఖ్యకు ఒక బైటు చొప్పున 10,000 బైట్లు చాలు. 60 హెక్టార్ల పూర్తి మైదానమైతే ఇదే లెక్కన లక్షన్నర గడులవుతాయి. కమోడోర్ 64 వంటి 1980ల ఇంటి కంప్యూటర్ జ్ఞాపకశక్తి మొత్తం 64 కిలోబైట్లే కదా! బుల్లి మైదానంలో ఇదొక సుఖం. నాకు నచ్చే మరో సుఖం, ప్రతి గడినీ మీరే స్వయంగా చూసుకోవచ్చు.

మొదటి హోల్ పేరు ‘బుధవారి బజార్’. రైల్వే క్వార్టరు డాబా మీద నిలబడి, బజారు దుకాణాల మీదుగా, కాలనీ ప్రహరీ దాటించి, అవతలి గడ్డిలో బంతి పడేయాలి. పార్ 3.

ఇంటర్మీడియట్‌లో ప్రక్షేపకం గురించి చదివారు. గాలి లేదనుకుంటే బంతి దారి పరావలయం. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించి, కోణానికి రెట్టింపు తీసుకుని దాని సైన్‌తో గుణిస్తే వ్యాప్తి వస్తుంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో కొడితే సుమారు 92 మీటర్లు. సూత్రం చేతిలో ఉంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ గాలి ఉంది.

గాలి చేసే పని మీరు ఊహించినంత సులువైనది కాదు. అగ్రశ్రేణి ఆటగాడు సెకనుకు 75 మీటర్ల వేగంతో, సుమారు 11 డిగ్రీల కోణంలో బంతిని కొడతాడు. గాలి లేకపోతే అది ఎంత దూరం పోవాలి? లెక్క వేయండి: 215 మీటర్లు. పది మీటర్లకు కాస్త మించి ఎత్తు, మూడు సెకన్ల ప్రయాణం. నిజంగా జరిగేది ఏమిటంటే, బంతి దాదాపు 30 మీటర్ల ఎత్తుకు లేస్తుంది, ఆరు సెకన్ల పాటు గాలిలో ఉంటుంది, 250 మీటర్ల దాకా పోయి నేలకు దిగుతుంది. అడ్డుపడాల్సిన గాలి సాయం చేసింది! ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టెయిట్ 1890లలో దీని గుట్టు విప్పాడు. దెబ్బ తగిలినప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ లేస్తుంది. ఆ భ్రమణం వల్ల గాలి బంతిని పైకి ఎత్తుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. ఆచార్యుడి కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోనూ, 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ విజేత. తండ్రి సిద్ధాంతానికి ప్రయోగశాల ఇంట్లోనే ఉందన్నమాట. బంతి మీది చిన్న చిన్న గుంటలు గాలి నిరోధాన్ని తగ్గిస్తాయి. వాటికి పేటెంటు కోరుతూ విలియం టేలర్ 1905లో దరఖాస్తు చేశాడు.

గాలి నిరోధం సుమారుగా వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 75 మీటర్ల వేగం దగ్గర అది బంతి బరువుకు రెండున్నర రెట్ల దాకా ఉంటుంది. వేగం ఐదోవంతుకు, అంటే 15 మీటర్లకు తగ్గితే నిరోధం 25వ వంతుకు, అంటే బరువులో పదోవంతుకు పడిపోతుంది. బలం క్షణక్షణం మారుతోంది కాబట్టి పరావలయం సూత్రం ఇక పనికిరాదు. ఇక్కడే కంప్యూటర్ పద్ధతి వేరు. అది సూత్రం అడగదు, అడుగులు వేస్తుంది. ఇప్పుడు వేగం ఎంత? చిన్న కాలవ్యవధిలో బంతి ఎంత జరుగుతుంది? ఆ వ్యవధిలో వేగం ఎంత మారుతుంది? మళ్లీ మొదటినుంచి. 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరుతో పిలిచే పద్ధతి ఇదే. గాలి, భ్రమణం, ఎదురుగాలి, ఏది చేర్చాలన్నా ఒక పంక్తి అదనంగా రాస్తే సరి.

కానీ అడుగు పెద్దదైతే మోసపోతాం. నోటు పుస్తకం తీయండి. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా విసిరాం. గురుత్వ త్వరణం 10 అనుకుందాం. నిజమైన గరిష్ఠ ఎత్తు 20 మీటర్లు. అర సెకను అడుగులతో చేయండి. మొదటి అడుగులో 10 మీటర్లు, వేగం 15కి తగ్గుతుంది. తర్వాత 7.5 మీటర్లు, వేగం 10. తర్వాత 5 మీటర్లు, వేగం 5. చివరగా 2.5 మీటర్లు. మొత్తం 25 మీటర్లు! లేని ఐదు మీటర్లు ఎక్కడినుంచి వచ్చాయి? ప్రతి అడుగులోనూ, వేగం తగ్గుతూ ఉండగా మనం మొదటి వేగాన్నే అడుగంతా వాడుకున్నాం. అడుగు 0.1 సెకనైతే 21 మీటర్లు, 0.01 సెకనైతే 20.1 మీటర్లు వస్తుంది. అడుగు పదోవంతు అయ్యేసరికి తప్పూ పదోవంతుకు తగ్గింది. ఇది చదివి వదిలేయకుండా మీ చేత్తో ఒకసారి చేయండి.

ఇక ప్రహరీ. రైల్వే కాలనీ గోడ తొమ్మిది అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు అనుకుందాం. ఆట సెకనుకు 30 చిత్రాలు చూపిస్తుంది, ఒక్కో చిత్రానికి ఒక అడుగు. 30 మీటర్ల వేగంతో వచ్చే బంతి అడుగుకు ఒక మీటరు జరుగుతుంది. ఒక అడుగులో గోడకు ఇవతల, మరుసటి అడుగులో గోడకు అవతల! ‘బంతి గోడలో ఉందా?’ అని కంప్యూటర్‌ను ఎప్పుడు అడిగినా ‘లేదు’ అనే అంటుంది, అది నిజమే చెబుతోంది. సుమారు నాలుగింట మూడుసార్లు బంతి గోడలోంచి నడిచిపోతుంది. దీనికి మందు ప్రశ్న మార్చడమే. ‘బంతి గోడలో ఉందా?’ అని కాక, ‘పాత స్థానాన్నీ కొత్త స్థానాన్నీ కలిపే సరళరేఖ గోడను ఖండిస్తోందా?’ అని అడగాలి.

నేలకు తగిలి లేచే సంగతి ప్రత్యావస్థాన గుణకం చూసుకుంటుంది. అది 0.5 అయితే మీటరు ఎత్తునుంచి పడిన బంతి పావు మీటరే లేస్తుంది. నేను మొదటిసారి ఇలాంటి ప్రోగ్రాం రాసినప్పుడు బంతి చక్కగా నాలుగుసార్లు ఎగిరి, తర్వాత మెల్లగా భూమిలోకి దిగిపోయింది. రాత్రంతా వెతికాను. ప్రతి అడుగులో గురుత్వం చేర్చే కిందివైపు వేగం, ఎగరడానికి మిగిలిన పైవేగం కంటే ఎక్కువైపోతోంది. వేగం ఒక హద్దుకంటే తగ్గగానే ‘ఇక ఎగరడం లేదు, దొర్లుతోంది’ అని ప్రకటించేస్తే సరిపోయింది.

ఇంకో చిన్న సలహా. గురుత్వ త్వరణం విలువను ప్రోగ్రాంలో ఒక్కచోటే రాయండి. అప్పుడు 9.8ని 1.62గా మారిస్తే బిలాస్‌పూర్ చంద్రుడి మీదికి వెళ్లిపోతుంది. గాలిని తీసేయడం మాత్రం మరచిపోకండి. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద నిజంగానే రెండు బంతులు కొట్టాడు. బంతి మైళ్ల దూరం పోయిందని ఆయన సరదాగా అన్నాడు. 2021లో ఛాయాచిత్రాలను పరిశీలించి చూస్తే రెండో బంతి పోయింది 40 గజాలేనని తేలింది. బరువైన అంతరిక్ష దుస్తుల్లో ఒంటిచేత్తో కొట్టాడు మరి.

రెండో హోల్ ‘ప్లాట్‌ఫాం’. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 802 మీటర్లు, దేశంలోని పొడవైనవాటిలో ఒకటి. మనకు చివరి 60 మీటర్లు చాలు. టీ కొట్టు ముందు టీ పెట్టి, అంటే మేకు పెట్టి, ప్లాట్‌ఫాం కొస వరకూ బంతిని దొర్లించాలి. కొసన వాలు ఉంటుంది. వాలు దిగాక గడ్డి, గడ్డిలో గుంత. పార్ 2. సామాన్ల బండి, పెట్టె మీద తల పెట్టి నిద్రపోయే ప్రయాణికుడు, ఇవన్నీ మీ ఇష్టం. నేను మాత్రం గుంత ఎక్కడ తవ్వాలో తేల్చాలి. చూడ్డానికి చిన్న ప్రశ్నే. వాలు దిగువనే తవ్వేస్తే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

మొదట, ఎంత వేగంతో వస్తే బంతి గుంతలో పడుతుంది? గుంత అంచు దాటిన బంతి కిందికి పడడం మొదలుపెడుతుంది. ఎదుటి అంచుకు తగిలేలోగా కనీసం తన వ్యాసార్ధమంత, అంటే 21.3 మిల్లీమీటర్లు దిగాలి. అంత దిగడానికి 0.066 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో బంతి కేంద్రం ముందుకు జరగడానికి ఉన్న దూరం గుంత వ్యాసం నుంచి బంతి వ్యాసార్ధం తీసేయగా మిగిలిన 86.7 మిల్లీమీటర్లు. భాగిస్తే సెకనుకు 1.31 మీటర్లు. అంతకు మించితే ఎదుటి అంచుకు కొట్టుకుంటుంది. కొట్టుకుని కూడా ఒక్కోసారి లోపలికే పడుతుంది, ఆ అదృష్టాన్ని మన లెక్కలోకి తీసుకోవడం లేదు.

రెండోది గడ్డి. గడ్డి వేగం కొలవడానికి స్టింప్‌మీటర్ అనే వాలు పట్టీ ఉంది. దాని మీదనుంచి బంతి సెకనుకు సుమారు 1.83 మీటర్ల వేగంతో దిగుతుంది. పది అడుగులు, అంటే 3.05 మీటర్లు దొర్లి ఆగితే ఆ గడ్డి మీద రుణ త్వరణం 0.55 అని లెక్క తేలుతుంది. మన గడ్డికి ఈ విలువే ఇద్దాం. నున్నటి సిమెంటుకు 0.1 ఇస్తున్నాను, ఇది కేవలం ఆటకోసం నేను ఎంచుకున్న సంఖ్య.

మూడోది వాలు. ప్లాట్‌ఫాం ఎత్తు 0.8 మీటరు అనుకుందాం. జారకుండా దొర్లే గోళానికి స్థితిజ శక్తిలో కొంత భాగం భ్రమణానికి పోతుంది. వాలు మీది ఘర్షణను వదిలేస్తే, పైన దాదాపు నిశ్చలంగా ఉన్న బంతి కూడా కిందికి వచ్చేసరికి సెకనుకు 3.35 మీటర్ల వేగం అందుకుంటుంది. మనకు కావలసింది 1.31! అంటే వాలు పాదంలో గుంత తవ్వితే, ఎంత నైపుణ్యంతో కొట్టినా బంతి అందులో పడదు. ఆటగాడు తనకు చేతకావడం లేదనుకుంటాడు. తప్పు అతనిది కాదు, మనది. నవ్వించడానికి కట్టిన హోల్‌లో ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు.

గుంతను జరుపుదాం. 3.35 వేగం 1.31కి తగ్గాలంటే గడ్డి మీద 8.6 మీటర్లు దొర్లాలి. ఏ వేగమూ లేకుండా వాలు అంచుదాకా వచ్చిన బంతి గడ్డి మీద 10.2 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి గుంత 10 మీటర్ల దగ్గర పెడతాను. అప్పుడు బంతి వాలు అంచుకు చేరేసరికి దాని వేగం సున్నాకూ 1.2కూ మధ్య ఉంటే చాలు. టీ దగ్గరికి వెనక్కి లెక్క కట్టండి. 60 మీటర్ల సిమెంటు దాటడానికి మొదటి వేగం 3.46కు తగ్గకూడదు, 3.67ను మించకూడదు. వెడల్పు తక్కువే, కానీ తలుపు తెరిచే ఉంది. ఈ హోల్ కష్టమేగాని, అసాధ్యం కాదు.

మూడో హోల్ ‘కోర్బా ఖాళీ’. బొగ్గు దించేసి కోర్బాకు తిరిగి వెళుతున్న ఖాళీ గూడ్సు బండి ఆటగాడికీ గుంతకూ మధ్య అడ్డంగా నడుస్తూ ఉంటుంది. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, ఒక్కొక్కటి సుమారు 10.7 మీటర్లు. ఇంజన్‌తో కలిపి బండి పొడవు 650 మీటర్లనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 10 మీటర్లు. దాటడానికి 65 సెకన్లు పడుతుంది. గేటు దగ్గర ఆగడం అలవాటైనవాళ్లు ఆగుతారు, ఆగలేనివాళ్లు బండి మీదుగా కొడతారు. కొందరి బంతి వ్యాగన్‌లో పడుతుంది. అసలు వినోదం అక్కడే మొదలవుతుంది.

ఒక ప్రశ్న. పట్టాలకు లంబంగా వచ్చిన బంతి, నడుస్తున్న వ్యాగన్ మధ్యలో పడింది. అది వ్యాగన్ ముందు గోడకు తగులుతుందా, వెనక గోడకా? చాలామంది ముందు గోడకంటారు, బండి ముందుకు పోతోంది కదా అని. ఆగి ఆలోచించండి. బంతికి పట్టాల దిశలో వేగమే లేదు. నేల మీదనుంచి చూస్తే బంతి ఆ దిశలో కదలడం లేదు, వెనక గోడే దానివైపు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తోంది. వ్యాగన్‌లో కూర్చుని చూస్తే బంతే 10 మీటర్ల వేగంతో వెనక్కి వచ్చి గోడను ఢీకొంటోంది. రెండూ ఒకే సంఘటన.

కంప్యూటర్‌కు రెండో చూపు సులువు. ముందు బంతి వేగంలోంచి బండి వేగం తీసేయండి. ఇప్పుడు వ్యాగన్ నిశ్చలం, బంతి వేగం వెనక్కి 10. ప్రత్యావస్థాన గుణకం 0.5 అయితే ఢీకొన్నాక బంతి ముందుకు 5 వేగంతో తిరిగి వస్తుంది. తీసేసిన బండి వేగాన్ని మళ్లీ కలపండి: 15. నేలమీద నిలబడి చూసేవాడికి బంతి ఇప్పుడు బండికంటే వేగంగా ముందుకు పోతోంది! అనుమానమక్కర్లేదు, క్రికెట్ బ్యాటు చేసే పనీ ఇదే. తర్వాత అది ముందు గోడకు తగిలి, మళ్లీ వెనక్కి వచ్చి, కాసేపటికి వ్యాగన్ అడుగున స్థిరపడి కోర్బా బయలుదేరుతుంది.

ఇప్పుడేం చేయాలి? గోల్ఫ్ నియమాల్లో దీనికీ జవాబుంది. కదిలే బయటి వస్తువు మీద బంతి నిలిచిపోతే, అది మొదట అక్కడ నిలిచిన చోటికి సరిగ్గా దిగువ బిందువును అంచనా వేసి, పెనాల్టీ లేకుండా దాని దగ్గర బంతిని జారవిడిచి ఆడాలి. మన విషయంలో ఆ బిందువు పట్టాల మధ్యలో ఉంటుంది. అక్కడ నిలబడి ఆడితే గోల్ఫ్ నియమాలు ఒప్పుకుంటాయేమో గాని, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకని మన ఆటకు ఒక స్థానిక నియమం పెడదాం: బంతిని కంచెకు ఇవతల పెట్టి ఆడాలి, అవతలికి వెళ్లాలంటే కాలివంతెన ఎక్కాలి.

నాలుగో హోల్ మీ వంతు. పేరు ‘అర్పా’. ఎండాకాలంలో నది నిండా ఇసుక, అంటే మైదానమంతటికీ అదే పెద్ద బంకర్. వానాకాలంలో నీళ్లు. గడుల పటం ఒకటే ఉండాలి, నెల మారితే సంకేతాలు మాత్రం మారాలి. ఇసుకకు ప్రత్యావస్థాన గుణకం ఎంత ఇస్తారు? ఒక బాల్చీలో ఇసుక పోసి, మీటరు ఎత్తునుంచి బంతిని వదిలి, ఎంత లేచిందో స్కేలుతో కొలవండి. తడి ఇసుకతోనూ ఒకసారి కొలవండి. ఆ రెండు సంఖ్యలూ నోటు పుస్తకంలో రాసుకుని రండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.